మరీ శుభ్రమైన సీసా

కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో గాజు సామాను కడిగే ఆవిడను అందరూ తళతళమ్మ అనేవారు. ఊరికే అనలేదు. పదకొండేళ్లుగా ఆమె చేతుల మీదుగా వెళ్లిన బీకరు గానీ సీసా గానీ మరకతో బయటికి వచ్చిన పాపాన పోలేదు. కడిగిన ప్రతి సీసానూ కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి చూసేది. సూదిమొనంత మచ్చ కనబడితే చాలు, మళ్లీ సోడా, మళ్లీ బ్రష్షు. ఆమెకు ముందు ఆ పని చేసినవాడు సీసాలకు నీళ్లు చూపించి బోర్లించేవాడట. ఆ మాట ఎవరైనా ఎత్తితే తళతళమ్మ ముఖం వెలిగిపోయేది.

కానీ ఆ మెరుపంతా ఆమె చేతుల మీదికి వచ్చింది. సోడా నీళ్లకు వేళ్ల సందులు ఒరిసిపోయాయి. అరచేతులు పగుళ్లు బారి గరుకు కాగితంలా తయారయ్యాయి. చీర కుచ్చిళ్లు సర్దుకుంటే దారాలు వేళ్లకు పట్టుకునేవి. "నీళ్లలో పని మానెయ్యమ్మా, తగ్గిపోతుంది" అన్నాడు డాక్టరు. చెప్పడానికేం, ఆయన చేతులు బాగానే ఉన్నాయి.

మానెయ్యడానికి ఒకే ఒక్క దారి కనబడింది. వరండా చివర పురుగుల గది ఉంది. ఏ గొంగళి ఏ చిమ్మట అవుతుందో తెలుసుకోవడానికి అక్కడ సీసాల్లో వాటిని పెంచి, రెక్కలు వచ్చేదాకా చూసి రిజిస్టరులో రాస్తారు. ముప్పై ఏళ్లు ఆ గదిని చూసుకున్న తాత రిటైరయ్యాడు. తాళంచెవి విభాగాధిపతి పెద్దసారు టేబుల్ సొరుగులో పడి ఉంది.

విభాగంలో చిన్న లెక్చరర్ అయిన మేడంకు తళతళమ్మ అంటే అభిమానం. ఆమే ఒకరోజు సింకు దగ్గరికి వచ్చి విషయం తేల్చింది.

"పురుగుల గదిలో నిన్ను వెయ్యమని పెద్దసారును అడిగాను. సీసాలు కడిగే ఆవిడకు పురుగుల సంగతేం తెలుసు అన్నారు. తెలుసో లేదో చూపిద్దాం అన్నాను. ఒక్క పురుగును గుడ్డు నుంచి రెక్కల దాకా నువ్వే పెంచు. రోజూ నోట్‌బుక్ రాయి. సెలవుల్లోపు రెక్కలు సాపుగా ఉన్న చిమ్మట ఆయన టేబుల్ మీద ఉంటే తాళంచెవి నీది."

"లేకపోతే మేడం?"

"లేకపోతే బయటినుంచి ఎవరినో తీసుకుంటారు. ఇంకో ఇరవై ఏళ్లు నీకు సోడానే."

ఆ సాయంత్రం నుంచి తళతళమ్మ కళ్లన్నీ ఆకుల మీదే. నాలుగో రోజు సైకిల్ స్టాండు పక్కనున్న ముసాండా పొద దగ్గర, చీకటి పడేముందు, ఒక చిమ్మట కనబడింది. బొమ్మలా గాల్లో ఒకేచోట నిలబడింది, రెక్కలు మాత్రం కనబడనంత వేగంగా కొట్టుకుంటున్నాయి. లేత ఆకు కింద తోక ఒక్కసారి ఆనించి, రివ్వున వెళ్లిపోయింది. తళతళమ్మ ఆకు తిప్పి చూసింది. ఆవగింజంత గుడ్డు, లేత ఆకుపచ్చ, ఒక్కటంటే ఒక్కటి. పొదంతా వెతికినా రెండోది దొరకలేదు. ఆ రెమ్మకు జాకెట్టు దారం కట్టి, నోట్‌బుక్‌లో మొదటి వాక్యం రాసింది: "ముసాండా ఆకు కింద గుడ్డు. ఒకటే."

నాలుగు రోజులకు గుడ్డు పగిలింది. గోరంత పసుపుపచ్చ పురుగు బయటికి వచ్చి, ముందు తన గుడ్డు పెంకునే తినేసింది. ఒంటికి మించిన నల్ల కొమ్మొకటి తోక మీద నిలబెట్టుకుని ఉంది. తళతళమ్మ దాన్ని పెద్దసారు దగ్గరికి తీసుకెళ్లింది.

పెద్దసారు చిమ్మటల మీద నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. మాట పొదుపు. ఆయన భూతద్దం పెట్టి చూసి, నోట్‌బుక్ ముందుకు లాక్కుని, సిరా పెన్నుతో అట్ట మీద "గన్నేరు హాక్‌మాత్" అని, అంటే గన్నేరు ఆకు తినే చిమ్మట అని, రాసి కింద గీత కూడా గీశారు.

"ఇది ముసాండా మీద దొరికింది సార్" అంది తళతళమ్మ.

"దారి తప్పి పెట్టి ఉంటుంది. గన్నేరు ఆకు వెయ్యి."

వేసింది. పురుగు దాని మీదికి ఎక్కింది, తల అటూ ఇటూ ఊపింది, దిగిపోయింది. సాయంత్రందాకా అంతే. మర్నాడు ఉదయానికి పురుగు సన్నబడి, కదలడం మానేసింది. తళతళమ్మ పెద్దసారు మాటను పక్కనపెట్టి సైకిల్ స్టాండుకు పరుగెత్తి ముసాండా ఆకు తెచ్చి వేస్తే, కరువులోంచి వచ్చినట్టు దాని మీద పడింది. నోట్‌బుక్‌లో "గన్నేరు ముట్టలేదు. ముసాండా తింది" అని రాసింది. పెద్దసారు అది చదివి, "అలిగింది. పురుగుల్లో కూడా పంతం మనుషులుంటారు" అన్నారు. అట్ట మీది పేరు అలాగే ఉంది.

సెలవురోజుల్లో దాన్ని డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది. అత్తగారికి మొదట్లో అది కంటగింపుగా ఉండేది. తర్వాత కిటికీ పక్క కుర్చీలో కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇదేం తిండే అమ్మాయ్! నీ మొగుడు పాలుతాగే వయసులో కూడా ఇంత తినలేదు."

"ఎదిగే వయసు అత్తయ్యా. నాలుగు సార్లు చర్మం విడిచింది. ఇదే చివరిది."

"మిరియాల్లాంటివి ఇన్ని రాలుతున్నాయేంటి?"

"అవి మిరియాలు కావు. ముట్టుకోకండి."

అత్తగారు చేయి చప్పున లాక్కుంది. అయినా ఆ ఆదివారం పొద్దుపోయేసరికి ఎన్ని రాలాయో లెక్కపెట్టి చెప్పింది ఆవిడే. నూట పన్నెండు. తళతళమ్మ ఆ అంకెను కూడా నోట్‌బుక్‌లో ఎక్కించింది.

మూడు వారాలకు పురుగు మధ్యవేలు కన్నా పొడుగైంది, బొటనవేలంత లావైంది. మంచి ఆకుపచ్చ. గన్నేరు పురుగుకైతే మెడ దగ్గర నీలికళ్లలాంటి మచ్చలు కొట్టొచ్చినట్టు కనబడతాయని తాత చెప్పేవాడు. దీనికి ఉన్నాయా అంటే ఉన్నాయి, లేవా అంటే లేవు. తళతళమ్మ ఉన్నదున్నట్టు రాసింది: "మచ్చలు సరిగా తెలియడం లేదు."

తర్వాతి ఆదివారం పొద్దున్నే అత్తగారు కేకపెట్టింది. "అమ్మాయ్, నీ పురుగు కుళ్లిపోతోంది!"

వచ్చి చూస్తే నిజంగానే ఆకుపచ్చ ఎగిరిపోయి, వీపంతా మాగిన వంకాయ రంగులోకి తిరిగింది. ఆకు ముట్టడం లేదు. డబ్బా చుట్టూ ఒకటే తిరగడం.

"పారెయ్. ఇల్లంతా కంపు కొడుతుంది" అంది అత్తగారు. అంటూనే డబ్బాను మాత్రం వదల్లేదు.

తళతళమ్మకు తాత మాట గుర్తుకొచ్చింది. మట్టిలోకి దిగేముందు అవి రంగు మారతాయి, చోటు కోసం తిరుగుతాయి. పూలకుండీలోంచి మట్టి తీసి డబ్బాలో పోసి, పైన ఎండుటాకులు పరిచింది. పది నిమిషాల్లో పురుగు ఆకుల కిందికి దూరి, నాలుగు పోగులు అల్లుకుని కదలకుండా పడుకుంది. మూడో రోజు ఆకు ఎత్తి చూస్తే పాత చర్మం ముడుచుకుని ఒకపక్కన పడి ఉంది. దాని పక్కన గోధుమరంగు ప్యూపా, పక్కలకు బొత్తాలు కుట్టినట్టు నల్లచుక్కల వరస.

"చచ్చిందా, బతికిందా?" అంది అత్తగారు.

తళతళమ్మ వేలితో మెల్లగా తాకింది. ప్యూపా తోక విసురుగా ఆడించింది.

"ముట్టుకుంటే కోపం కూడా వస్తోంది. నీ పోలికే" అని అత్తగారు తీర్పు చెప్పింది.

ఇక మిగిలింది రెక్కలు రావడమే. తళతళమ్మ ప్యూపాను కాలేజీకి తెచ్చి, అక్కడి సీసాలన్నిట్లోకీ మంచిదాన్ని ఎంచింది. వెడల్పు మూతి, మూరెడు ఎత్తు. దాన్ని మూడుసార్లు కడిగింది. నాలుగోసారి స్పిరిట్‌తో తుడిచింది. కిటికీ దగ్గర పెట్టి చూస్తే గాజు ఉందో లేదో తెలియనంతగా మెరిసింది. అడుగున తెల్లకాగితం పరిచి, దాని మీద ప్యూపాను పెట్టి, మూతికి పలచని బట్ట బిగించింది. ఇంత ఆణిముత్యంలాంటి పనిని మెచ్చుకోకుండా వెళ్లడం మేడం వల్ల కాలేదు. పెద్దసారు కూడా వరండాలో ఆగి, "శుభ్రంగా ఉంది" అన్నారు. ఆయన నోట అంతటి మాట రావడం చిన్న విషయం కాదు.

పదమూడో రోజుకు ప్యూపా నల్లబడింది. దాని పెంకులోంచి రెక్కల రంగు లీలగా కనబడింది. పదిహేనో రోజు ఉదయం ఆరున్నరకే తళతళమ్మ విభాగం తలుపు తెరిపించి లోపలికి వచ్చింది.

చిమ్మట బయట ఉంది. బతికే ఉంది. సీసా గోడ వెంబడి గిర్రున తిరుగుతోంది. కాళ్లు గాజుకు ఆనించి రెండంగుళాలు ఎక్కుతోంది, జారి పడుతోంది, మళ్లీ లేస్తోంది. తళతళమ్మ చేతులు జోడించింది. అలా రెండు నిమిషాలు ఆమె ఈ లోకంలో లేదు. ఆ తర్వాత రెక్కలు చూసింది.

అవి రెక్కలు కావు. వీపుకు రెండువైపులా పిండి పారేసిన గుడ్డపీలికల్లా ముడుచుకుపోయి, అప్పటికే బిరుసెక్కాయి. ఎంతసేపటి నుంచి తిరుగుతోందో ఏమో. బట్ట విప్పి లోపలికి చేయి పెట్టింది. గాజు మీద ఒక్క అడుగు నిలవలేని ప్రాణం, ఆమె పగిలిన వేలు తగలగానే గోళ్లతో గట్టిగా పట్టుకుంది. వేలు ఎక్కింది, చెయ్యి ఎక్కింది, మణికట్టు దగ్గర తల పైకి పెట్టి వేలాడింది. రెక్కలు కిందికి వేలాడేసి చాచుకోవడానికి దానికి కావలసింది అదే. కానీ వేళ దాటిపోయింది.

తళతళమ్మకు అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

తొమ్మిదింటికి మేడం వచ్చి చూసి నిట్టూర్చింది. చిమ్మటను మత్తు సీసాలో వేసి, గుండుసూది గుచ్చి పెద్దసారు టేబుల్ మీద పెట్టించింది. తర్వాత తళతళమ్మ పక్కన కూర్చుంది.

"బాధపడకు. ఇలాంటివి చాలాసార్లు అవుతాయి. రిజిస్టరులో ఎక్కించెయ్. కారణం అన్నచోట 'సహజం' అని రాయి. ఇంకో అవకాశం ఇమ్మని సారును నేను అడుగుతాను."

"సహజం అంటే మేడం?"

"దాని తలరాత అని. ఎప్పుడూ అదే రాస్తారు. కావాలంటే పాత పేజీలు చూడు."

చూసింది. తాత రాత గుండ్రంగా, ఓపిగ్గా ఉంది. తేదీ, మొక్క, రోజులు, చివరి గడిలో కారణం. రెక్కలు విచ్చుకోలేదు, సహజం. రెక్కలు విచ్చుకోలేదు, సహజం. తళతళమ్మ వేలు పెట్టుకుని వెనక్కి వెళ్లింది. ఎంత వెనక్కి వెళ్లినా అదే మాట. ఉన్నట్టుండి ఒకచోట ఆ మాట ఆగిపోయింది. అక్కడినుంచి వెనక అయిదేళ్లలో రెక్కలు విచ్చుకోనివి మూడే మూడు. ఆ తర్వాతి పదకొండేళ్లలో నలభై ఏడు.

ఆ మాట ఆగిన పేజీ మీద తేదీ చూసింది. ఆమె పనిలో చేరిన నెల అది.

ముందున్నవాడు సీసాలకు నీళ్లు చూపించి బోర్లించేవాడు. వాటి గోడలకు పాత పట్టుపోగులు, ఎండిన మట్టి, ఆకుపసరు అంటుకుని ఉండేవి. చిమ్మటలు వాటిని పట్టుకుని ఎక్కేవి. ఆమె వచ్చి అన్నీ గీకి, తోమి, మెరిపించింది. అందరూ భేష్ అన్నారు. నలభై ఏడు చిమ్మటలు ఈ మెరుపులో తెల్లవార్లూ జారి పడ్డాయి.

తళతళమ్మ మళ్లీ తన పేజీకి వచ్చింది. సహజం అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మేడం ఇంకో అవకాశం ఇప్పిస్తుంది. ఈసారి సీసాలో ఒక పుల్ల పెడితే రెక్కలు సాపుగా వస్తాయి, తాళంచెవి చేతికి వస్తుంది, చేతులు బాగుపడతాయి. నిజం రాస్తే, నలభై ఏడింటిని పాడుచేసిన మనిషికి ఆ గది ఎవరిస్తారు? ఇదంతా ఆమెకు స్పష్టంగా తెలుసు. భయం కూడా వేసింది. కానీ ఆ మణికట్టు మీద గోళ్లు పట్టిన చోట ఇంకా చురుక్కుమంటోంది. పెన్ను తీసి కారణం గడిలో రాసింది: "సీసా గోడ నున్నగా ఉంది, ఎక్కలేకపోయింది. కడిగింది నేను. పై నలభై ఏడు కూడా అంతే అనుకుంటున్నాను."

గడి చాలక చివరి మాటలు పక్క ఖాళీలోకి పోయాయి.

రిజిస్టరు పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. వెనకే వచ్చిన మేడం పేజీ చూసి, వద్దు వద్దని కళ్లతో సైగ చేసింది. తళతళమ్మ ఆ వైపు చూడలేదు.

పెద్దసారు మైక్రోస్కోపు మీద వంగి ఉన్నారు. ముడుచుకున్న రెక్క మీద స్పిరిట్ చుక్క వేసి, సూదితో ఒక్కో ముడతా విప్పుతున్నారు. తల ఎత్తకుండానే, "ఇలా వచ్చి చూడు" అన్నారు.

ఆమె వంగి చూసింది. నలిగిన రెక్కలో గీతలన్నీ ఉన్నాయి, చీర మడతలో దాగిన అంచులా. ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు పట్టీలు. రెక్క కొసన చిన్న తెల్లచుక్క.

"గన్నేరుదానికి ఆ చుక్క ఉండదు. ఇది దాని చుట్టం. మన కాలేజీ సేకరణలో ఇంతవరకు లేదు" అన్నారు పెద్దసారు. సూది పక్కన పెట్టి, "ఆకు దగ్గరే నువ్వు చెప్పావు. పంతం దానిది కాదు, నాది" అన్నారు.

మరో రోజైతే తళతళమ్మ ఈ మాటకు గాల్లో తేలేది. ఇప్పుడు రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఇది కూడా చూడండి సార్."

ఆయన చదివారు. పేజీలు వెనక్కి తిప్పారు. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టినట్టే ఆయనా లెక్కపెట్టారు.

"తాత ఎప్పుడూ ఏమీ అనలేదా?"

"సీసాలు మెరుస్తున్నాయనే అనేవాడు సార్."

"నేనూ అన్నాను. మొన్న వరండాలో. గాజు మీద అవి ఎక్కలేవని నాకు తెలియదా? పుస్తకాల్లో చదివిందే, పాఠం చెప్పిందే. ఆ గదిలోకి తొంగిచూసి ఎన్నేళ్లయిందో." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్ల రిజిస్టరు ఇది. కారణం గడిలో ఒక మనిషి ఉండటం ఇదే మొదటిసారి."

మేడం ఏదో సర్దిచెప్పబోయింది. పెద్దసారు చేత్తో ఆపి, తళతళమ్మ నోట్‌బుక్ అందుకున్నారు. అట్ట మీద తాను గీత గీసి మరీ రాసిన పేరును కొట్టేశారు. పక్కన "గుర్తింపు తప్పు. చేసింది నేను" అని రాశారు. తర్వాత పెన్ను ఆమె వైపు తిప్పారు.

"ఈ నలభై ఏడింటికీ కారణం సరిచెయ్యాలి. ఒక్కో గడీ కొట్టేసి, తిరగరాయాలి. ఎవరు రాస్తారు?"

"నేనే సార్."

"అయితే ఆ గదిలో కూర్చుని రాయి. ఇక్కడ నిలబడి నాకు వెలుతురు ఆపేస్తున్నావు." ఆయన సొరుగు లాగి తాళంచెవి రిజిస్టరు మీద పెట్టి, మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగారు.

పురుగుల గదిలో అరల నిండా సీసాలు. అన్నీ ఆమె కడిగినవే, అన్నీ కిటికీ వెలుగులో మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూడలేక బల్లను అటువైపు తిప్పుకుని కూర్చుంది. మొదటి గడి కొట్టేసి, "సీసా నునుపు" అని రాసింది. రెండోది రాసింది. పదో గడి దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకోవడానికి పైటచెంగు ఎత్తితే దారం వేలి పగుళ్లకు తగులుకుంది. దాన్ని విడిపించుకుని పదకొండోది రాసింది.

మధ్యాహ్నానికి నలభై ఏడూ అయ్యాయి. సైకిల్ స్టాండు దగ్గరికి వెళ్లి ముసాండా ఎండుపుల్లలు ఒడినిండా ఏరుకొచ్చి, ఒక్కో సీసాకు ఒక్కో పుల్ల విరుస్తూ ఉంటే గుమ్మంలో నీడ పడింది. పెద్దసారు. గడప దాటడానికి కొంచెం తడబడ్డారు, కొత్తవాళ్ల ఇంటికి వచ్చినట్టు. పుల్లల వైపు, సీసాల వైపు చూశారు.

"ఎంత పొడుగు ఉండాలి?" అని అడిగారు.

"మూతి బట్టకు తగలాలి సార్. అక్కడిదాకా ఎక్కితే చాలు, తర్వాత సంగతి అవే చూసుకుంటాయి."

ఆయన బల్లకు అటుపక్క కూర్చుని ఒక పుల్ల చేతిలోకి తీసుకున్నారు.